షాకబ్జర్ మారుద్దామా, సైకిలే మారుద్దామా?



మన హాస్టళ్ళలో ఇప్పుడు ఎమ్‌టీబీ రేసుల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ఎక్కువయ్యారు. ముప్పై, నలభై వేలు చేతిలో ఉంటే ఏ సైకిల్ కొనాలి, ఉన్నదానికే సామాన్లు మార్చుకుంటే సరిపోద్దా అని జూనియర్లు ఇద్దరు ముగ్గురు అడిగారు. నేనూ రెండు నెలలుగా ఇదే లెక్కలో ఉన్నాను. మన ఇళ్ళల్లో ఈ విషయం అడగడానికి ఎవరూ ఉండరు. షాపులో అడిగితే వాళ్ళ దగ్గర ఉన్నదే మంచిదంటారు. అందుకే నాకు తెలిసింది, నేను లెక్క వేసుకున్నది మొత్తం ఇక్కడ రాస్తున్నా. పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ముందు మాట. హార్డ్‌టెయిల్ అంటే ముందు ఫోర్కులో షాకబ్జర్ ఉండి, వెనక ఏమీ లేకుండా గట్టిగా ఉండే సైకిల్. రెండు వైపులా ఉంటే ఫుల్ సస్పెన్షన్. "డబ్బుల్లేనోళ్ళు కొనేది హార్డ్‌టెయిల్" అని కొందరు తీసిపారేస్తారు. అది నిజం కాదు. క్రాస్ కంట్రీ మౌంటెన్ బైకింగ్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో స్విట్జర్లాండ్ రేసర్ నినో షుర్టర్ హార్డ్‌టెయిల్ మీదే తొక్కి వెండి పతకం తెచ్చుకున్నాడు. ఫుల్ సస్పెన్షన్ మీద తొక్కిన చెక్ రేసర్ యరోస్లావ్ కుల్హవీ అతన్ని ఓడించింది ఒక్క సెకను తేడాతో. ఇప్పుడు పైస్థాయి రేసుల్లో రాళ్ళు, దూకుళ్ళు పెరిగాయి కాబట్టి ఎక్కువమంది ఫుల్ సస్పెన్షన్ వాడుతున్నారు. కానీ మనం మొదలుపెట్టే స్థాయికి హార్డ్‌టెయిల్ చాలు. ఒకే ధరలో ఫుల్ సస్పెన్షన్ కొంటే బరువు ఎక్కువ, సామాను నాసిరకం. పైగా వెనక కీళ్ళల్లో బేరింగులుంటాయి. మన వానాకాలం బురదకి అవి పోతే మార్చేవాడు దగ్గర్లో దొరకడు.

రేసు ఎలా ఉంటుందో కూడా తెలియాలి. ఒలింపిక్ తరహా క్రాస్ కంట్రీలో నాలుగైదు కిలోమీటర్ల చుట్టు ఒకటి గీసి, దాన్నే చాలాసార్లు తిప్పుతారు. పెద్దవాళ్ళ రేసు గంటా ఇరవై నిమిషాలు, ఆ పైన పడుతుంది. అందులో ఎక్కుడు, దిగుడు, వేర్లు, రాళ్ళు, బురద అన్నీ వస్తాయి. మన దేశానికి ఇది కొత్త ఏమీ కాదు. 2023 అక్టోబరులో ఆసియా మౌంటెన్ బైక్ ఛాంపియన్‌షిప్ కేరళలో తిరువనంతపురం దగ్గర పొన్ముడి కొండల్లో జరిగింది. కొండ, అడవి, తడి నేల. చూస్తే మన మారేడుమిల్లి గుర్తొస్తుంది.

ఇక మన నేల సంగతి. రాజమండ్రిలో హాస్టల్లో ఉండేవాడికి రెండు రకాల దారులు దొరుకుతాయి. ఒకటి డెల్టా. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో అయింది. దాని నుంచి వచ్చిన కాలువల గట్లే మనకి ప్రాక్టీసు ట్రాకులు. కడియం వైపు కాలువ గట్టు, గోదారి ఏటిగట్టు, అంతా సమానంగా ఉంటుంది. ఆగకుండా గంటసేపు ఒకే ఊపులో తొక్కడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు. కానీ గట్టు మీద తుమ్మ ముళ్ళు, వాన పడితే బంకమట్టి. ఆ మట్టి టైరుకి పట్టి, ఫోర్కు మధ్యలో ఇరుక్కుని, చక్రం తిరగనివ్వదు.

రెండోది మన ఏజెన్సీ. గోకవరం దాటి, రంపచోడవరం, భూపతిపాలెం, మారేడుమిల్లి. ఎర్రమట్టి, గులకరాళ్ళు, వెదురు వేర్లు, వాగులు. అక్కడి కాలిబాటలు మనకి పుట్టినప్పటినుంచి తెలుసు. అడ్డాకులకి, కొండచీపుర్లకి, చింతపండుకి మన అమ్మలు నడిచిన బాటలే రేసువాళ్ళ భాషలో ట్రైల్స్. రోడ్లు కూడా ఊరికే రాలేదు. 1922 రంప పితూరీకి దారితీసిన కోపాల్లో ఒకటి, ఘాట్ రోడ్డు పనికి మనోళ్ళని సరైన కూలి ఇవ్వకుండా తోలుకెళ్ళడం. ఆ ఘాట్ల మీద ఇప్పుడు మనం సరదాకి సైకిల్ తొక్కుతున్నాం అంటే అది చిన్న మాట కాదు.

ఇప్పుడు నా సైకిల్. 26 అంగుళాల చక్రాలు, ఇనుప ఫ్రేము, ముందు స్ప్రింగు షాకబ్జర్, వెనక ఏడు పళ్ళచక్రాల ఫ్రీవీలు, తీగతో పనిచేసే డిస్కు బ్రేకులు. బరువు 17 కిలోలు. నా బరువు 56. మూడేళ్ళు బాగా పనిచేసింది. దీనికే సామాన్లు మారిస్తే ఎంతవుతుందో రాజమండ్రిలో అడిగి రాసుకున్నా. ఇవి నాకు చెప్పిన ధరలు, మీ దగ్గర తేడా ఉండొచ్చు.

గాలి షాకబ్జర్ ఫోర్కు 14,000. దానికి సరిపడే ముందు చక్రం 4,500. క్యాసెట్ పట్టే హబ్బుతో వెనక చక్రం 5,500. గేరు సెట్టు, క్యాసెట్, చైను 11,000. ఆయిల్ బ్రేకులు 5,500. క్రాంకు 4,000. మొత్తం 44,500.

ఒకదానికి ఇంకొకటి ఎందుకు అంటుకుంటుందో చెప్తా. పాత సైకిళ్ళ తలగొట్టం కిందా పైనా ఒకే లావు ఉంటుంది. ఇప్పుడొచ్చే మంచి ఫోర్కుల కాడ కింద లావుగా, పైన సన్నంగా ఉంటుంది, టేపర్డ్ అంటారు. అది పాత గొట్టంలో పట్టదు. పట్టేది వెతికితే 26 అంగుళాలకి దొరకడమే కష్టం. దొరికినా దాని ఇరుసు 15 మిల్లీమీటర్ల లావు ఉంటే నా ముందు చక్రం పనికిరాదు. వెనక కూడా అంతే. మరతో బిగించే ఫ్రీవీలు హబ్బుకి క్యాసెట్ ఎక్కదు, కాబట్టి గేర్లు మార్చాలంటే చక్రమే మార్చాలి. ఇన్ని మార్చాక చివరికి మిగిలేది ఆ పాత ఫ్రేమే. అరిగిపోయిన దూలం మీద కొత్త రేకులు వేసినట్టు.

దీంట్లోంచి నాకు అర్థమైన సూత్రం ఒకటే: తర్వాత మార్చలేనిదాని మీద ముందు డబ్బు పెట్టాలి. గేర్లు, టైర్లు, సీటు, హ్యాండిల్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఫ్రేము సైజు, తలగొట్టం లావు, ఇరుసుల కొలత, చక్రం సైజు మారవు. షాపులో మనకి చూపించేది మాత్రం గేర్ల సంఖ్య, రంగు. "ఇరవై ఏడు గేర్లు బాబూ" అంటారు. మీరు ముందు చూడాల్సింది ఫ్రేము.

ఒక్కొక్కటీ నేను చూసుకున్న వరసలో రాస్తా.

మొదటిది, సైజు. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. నాకు చిన్న సైజు లేదా చిన్న మీడియం కావాలి. మనోళ్ళలో చాలామందికి ఇంతే. ఒక షాపులో పెద్ద ఫ్రేము చూపించి "సీటు దించితే సరిపోద్ది" అన్నారు. సీటు దించితే కాళ్ళు అందుతాయి గానీ హ్యాండిల్ దగ్గరకి రాదు. నడుం వంగిపోయి, దిగుడులో బరువు ముందుకి పడుతుంది. సైకిల్ మధ్యలో రెండు కాళ్ళ మీద నిలబడితే పై గొట్టానికి, మనకి మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ అన్నా ఉండాలి.

రెండోది, చక్రం. 29 అంగుళాల చక్రం రాళ్ళు, వేర్ల మీద నుంచి సులువుగా దొర్లుతుంది. రేసులకి ఇప్పుడు ఇదే. మరీ పొట్టివాళ్ళకి 27.5 బాగుంటుంది. కానీ చక్రం పెద్దదైతే గేరు బరువెక్కుతుంది, అది చాలామంది గమనించరు. లెక్క చూడండి. నా పాత సైకిల్లో ముందు 24 పళ్ళు, వెనక 28 పళ్ళు పెడితే ఒక పెడలు చుట్టుకి సుమారు 1.77 మీటర్లు వెళ్తుంది. కొత్త తరహాలో ముందు ఒకటే 32 పళ్ళ చక్రం, వెనక పెద్దది 46 పళ్ళు అయితే, 29 చక్రంతో 1.6 మీటర్లు. అంటే ఎక్కుడుకి ఇంకా తేలిక. అదే వెనక పెద్దది 36 పళ్ళే ఉంటే 2.04 మీటర్లు. నా పాతదానికన్నా బరువు. ముందు ఒకటే పళ్ళచక్రం చూసి "రేసు సైకిల్" అనుకుని కొంటే మారేడుమిల్లి ఘాట్‌లో మోకాళ్ళు పట్టేస్తాయి. వెనక 46 అన్నా ఉందా లేదా చూడండి.

మూడోది, షాకబ్జర్. స్ప్రింగు ఫోర్కులు ఎక్కువగా మనకన్నా బరువైన మనుషుల కోసం చేసినవి. 56 కిలోలవాడు ఎక్కితే అది సగం కూడా దిగదు. చేతులకి దెబ్బలు తగులుతానే ఉంటాయి, బరువు మాత్రం మోస్తాం. గాలి ఫోర్కులో మన బరువుకి తగ్గట్టు గాలి పెట్టుకోవచ్చు. వంద మిల్లీమీటర్ల ఫోర్కు అయితే మనం ఎక్కి నిలబడినప్పుడు ఇరవై మిల్లీమీటర్ల దాకా దిగాలి. కాడకి రబ్బరు రింగు పెట్టి కొలుచుకోవచ్చు. దానికి వేరే చిన్న పంపు కావాలి, మామూలు పంపుతో అవ్వదు.

నాలుగోది, బ్రేకులు. తీగ బ్రేకులు చెడ్డవి కావు. మారేడుమిల్లిలో తీగ తెగినా ఏదో ఒక షాపులో దొరుకుతుంది. కానీ బురదలో తీగ బిగుసుకుపోతుంది, దిగుడంతా పట్టుకుని వేళ్ళు నెప్పి. ఆయిల్ బ్రేకుకి ఒక్క వేలు చాలు. ఒక జాగ్రత్త: కొన్ని కంపెనీల బ్రేకుల్లో మినరల్ ఆయిల్, కొన్నిట్లో డాట్ ఫ్లూయిడ్. ఒకదాంట్లో ఇంకొకటి పోస్తే లోపల రబ్బర్లు పోతాయి. మోటారు సైకిల్ మెకానిక్ దగ్గరకి తీసుకెళ్ళేముందు ఏ ఆయిలో చూసుకుని వెళ్ళండి.

ఐదోది, టైర్లు. ఇది తక్కువ డబ్బుకి ఎక్కువ లాభం ఇచ్చేది. ట్యూబు లేకుండా లోపల సీలెంట్ పోసే టైరు అయితే తుమ్మ ముల్లు గుచ్చుకున్నా దానంతట అదే మూసుకుంటుంది. సీలెంట్ మన ఎండలకి త్వరగా ఆరిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసుకోవాలి. గాలి కూడా మనోళ్ళు రాయిలా కొట్టిస్తారు. నా బరువుకి, లావు టైరుకి, ట్యూబు ఉంటే పాతిక పీఎస్‌ఐ చుట్టుపక్కల చాలు.

చివరిది, బరువు. దీని మీద పిచ్చి వద్దు. కానీ లెక్క తెలియాలి. నేను, పాత సైకిల్ కలిసి 73 కిలోలు. 13.5 కిలోల సైకిల్ అయితే 69.5. అంటే దాదాపు 5 శాతం తక్కువ. నిటారు ఎక్కుడులో అరగంట పట్టేచోట సుమారు నిమిషంన్నర కలిసొస్తుంది. రేసులో నిమిషంన్నర చాలా పెద్దది. కానీ ఆ తర్వాత ఇంకో కిలో తగ్గించడానికి ఇరవై వేలు పెట్టడం మనకి పని కాదు. ఆ కిలో తేడా ప్రాక్టీసుతో వస్తుంది.

ఇంక డబ్బు సంగతి. నా దగ్గర 40,000 ఉన్నాయి. రెండు వేసవులు కడియం నర్సరీల్లో మొక్కల లోడింగుకి వెళ్ళి 22,000. పిల్లలకి ట్యూషన్ చెప్పి 6,000. జీడిపిక్కలు అమ్మిన డబ్బులోంచి అమ్మ ఇచ్చింది 12,000. స్కాలర్‌షిప్ ముట్టుకోలేదు.

నాన్నకి ఫోన్లో చెప్పా. ఆయన తిట్టలేదు. కాసేపు ఆగి, "కొండ దిగి చదువుకోమని పంపితే మళ్ళీ కొండెక్కడానికి నలభై వేలు పెడతావంట్రా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వలేకపోయా. ఆ డబ్బుకి మేకలొస్తాయి. ఇంటి మీద రేకులొస్తాయి. జూన్‌లో చెల్లి డిగ్రీలో చేరాలి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటోణ్ణి నేను, రెండోది అది.

ఆయనకి నేను చెప్పింది ఇదే. "నాన్నా, దీనివల్ల ఉద్యోగం వస్తాదని నేను చెప్పను. కానీ నేను బాగా చేసే పని ఇదొక్కటి ఉంది. చదువులో నా ముందు వందమంది ఉంటారు. ఆ ఎక్కుడులో నా ముందు ఇద్దరు ముగ్గురే ఉంటారు." ఆయన ఇంకేం అనలేదు. "చెల్లి డబ్బు పక్కన పెట్టి మిగిలింది నీ ఇష్టం" అన్నాడు. 8,000 పక్కన పెట్టా. మిగిలింది 32,000.

ఇది నేను ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, మనలో చాలామంది ఇష్టమైనదానికి డబ్బు ఖర్చు పెట్టాలంటే దొంగతనం చేసినట్టు ఫీలవుతాం. అలాగని అప్పు చేసి కొనమని కూడా అనను. ఈఎమ్‌ఐలో రేసు సైకిల్ వద్దు. కానీ కష్టపడి దాచిన డబ్బు, ఇంటికి చెప్పి, ఇంటివాళ్ళ వాటా తీసి పెట్టాక, దాన్ని ఆటకి పెట్టడం తప్పు కాదు. డెబోరా హెరాల్డ్ అని నికోబారీ ఆదివాసీ అమ్మాయి, 2004 సునామీ నుంచి బయటపడి, దేశం తరఫున సైకిల్ రేసర్ అయింది. అండమాన్ నుంచే వచ్చిన ఎసో ఆల్బెన్ 2018 జూనియర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కీరిన్ పోటీలో వెండి తెచ్చాడు. వాళ్ళది ట్రాకు, మనది అడవి దారి, పోటీ వేరు. కానీ మన లాంటి ఊళ్ళ నుంచి సైకిల్ మీద అంత దూరం వెళ్ళొచ్చని వాళ్ళు చూపించారు. మన మలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది గురుకులం నుంచే కదా.

నా ముందు మూడు దారులున్నాయి. షాపులో కొత్తది 32,000 లోపు: 29 చక్రాలు, ఆయిల్ బ్రేకులు, కానీ స్ప్రింగు ఫోర్కు, తిన్నని తలగొట్టం. అంటే రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఇప్పుడున్న చోటికే వస్తా. రెండోది, పాతదానికే ఐదారు వేలు పెట్టి టైర్లు, బ్రేకులు మార్చి ఇంకో ఏడాది తొక్కడం. ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. ముందు ఒక ఏడాది ఉన్న సైకిల్ మీద తొక్కండి, రేసు నచ్చిందో లేదో తెలుస్తుంది. మూడోది, ఒక ఉద్యోగస్తుడు రెండేళ్ళు వాడిన హార్డ్‌టెయిల్. టేపర్డ్ తలగొట్టం, లావు ఇరుసులు, గాలి ఫోర్కు, ఆయిల్ బ్రేకులు, వెనక పది గేర్లు 46 పళ్ళ దాకా, 13.5 కిలోలు. 27,000 అడిగాడు.

సెకండ్ హ్యాండ్ అంటే ఇవి చూడాలి. ఫోర్కు కాడల మీద గోరుతో రాస్తే గీత తగలకూడదు, తగిలితే ఆయిల్ కారుతుంది. తలగొట్టం దగ్గర, పెడళ్ళ దగ్గర వెల్డింగు చుట్టూ రంగు కింద సన్నటి పగులుందేమో లైటు వేసి చూడాలి. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే తలలో టకటక అనకూడదు. చక్రం తిప్పితే ఎంత వంకరుందో తెలుస్తుంది, కొంచెమైతే చువ్వలు బిగించి బెండు తీయొచ్చు. చైను సాగిందో లేదో కొలవాలి. బిల్లు, ఫ్రేము కింద నెంబరు రెండూ కలవాలి. బిల్లు లేకపోతే ఎంత చవకైనా వద్దు. దొంగ సైకిల్ దొరికితే మన మీదకే వస్తుంది, మనల్ని ఎవరూ నమ్మరు కూడా.

ఇదంతా చూశా. వెనక రిమ్ము కొంచెం వంకర, చైను సాగింది, మిగతాది బాగుంది. అవి చూపించి అడిగితే 25,500కి ఒప్పుకున్నాడు. చైను 1,200. ముందు టైరు, సీలెంట్ కలిపి 2,700. ఫోర్కు పంపు 1,300. మొత్తం 30,700. మిగిలిన 1,300 బ్రేకు ప్యాడ్లకి, స్పేర్ ట్యూబుకి. ఈ ఆదివారం తెచ్చుకుంటున్నా. పది గేర్లదే ఎందుకంటే, పన్నెండు గేర్ల సామాను పోతే మనకి దగ్గర్లో దొరకదు, ధర కూడా ఎక్కువ.

పాత సైకిల్ అమ్మను. చెల్లికి ఇస్తున్నా. బస్టాపు దాకా మూడు కిలోమీటర్లు నడుస్తుంది అది. సీటు దించి, కొత్త తీగలు వేసి పంపిస్తా.

చివరగా రెండు మాటలు. ఒకటి, ఘాట్‌లో బస్సులు, లారీలు మలుపు దగ్గర మనల్ని చూడవు. హెల్మెట్ లేకుండా దిగొద్దు. అడవి లోపలి దారుల్లోకి వెళ్ళేముందు ఊరి పెద్దలకి, ఫారెస్టువాళ్ళకి చెప్పి వెళ్ళండి. రెండు, ఫోర్కు పంపు, చైను కొలిచేది, చైను విప్పేది, అలెన్ కీలు ప్రతి ఒక్కరూ కొనక్కర్లేదు. హాస్టల్‌కి ఒక సెట్టు ఉంటే పదిమందికి సరిపోద్ది. నా పంపు మా హాస్టల్లో ఉంటుంది, ఎవరికైనా ఇస్తా. చైను విప్పే పనిముట్టు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, రాజమండ్రి, కాకినాడ, రంపచోడవరం మూడు చోట్లా ఎవరి దగ్గర ఏముందో ఒక జాబితా రాసుకుందాం.